బండి పేరు చెప్పి సామాను అడగవద్దు

(నరసరావుపేటలో జరిగిన పెన్షనర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. గురించి, హెల్త్ కార్డుల గురించి చర్చించుకునే సభలో మోటారు సైకిలు సామాను గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరడం కొందరికి వింతగా తోచవచ్చు. కారణం ఉంది. మన సభ్యులొకరు కాలం చేశాక వారి శ్రీమతి గారు నన్నొక మాట అడిగారు. “అన్నయ్య గారూ, వరండాలో ఉన్న ఆయన బుల్లెట్‌ను పాత ఇనుము కింద తూకానికి వేయమంటారా, మనవడు అడుగుతున్నట్లు బాగు చేయించమంటారా?” ఇలాంటి ప్రశ్న మనలో ఇంకా కొందరి ఇళ్లలో ఉంది. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలిన తర్వాత గట్ల వెంట ఓవర్సీర్లు తిరిగింది బుల్లెట్ల మీద, జావాల మీద, రాజ్‌దూత్‌ల మీదనే గదా!

కాలువల డివిజన్ ఆఫీసులో గుమాస్తాగా ఉండగా 1981లో ఒక ఇంజనీరు గారి దగ్గర 1972 మోడల్ బుల్లెట్ కొన్నాను. రిటైరైన తర్వాత దాన్ని పూర్తిగా విప్పి బాగు చేయించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పనికి పట్టిన కాలం కొంచెమే, తక్కినదంతా సామాను వెతకడానికే పోయింది. ఆ వెతుకులాటలో తేలిన సంగతి ఒక్కటే: కొట్టుకు వెళ్లి బండి పేరు చెప్పి సామాను అడగవద్దు. నంబరు చెప్పి, కొలత చెప్పి అడగండి.

ఎందుకంటే పేరు ఒకటే ఉంటుంది, బండి మారిపోతుంది. 1955లో ఇంగ్లండు కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. ఇంగ్లండులో 1970 నాటికి ఆ కంపెనీ మూతపడినా మద్రాసు తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీ ఆగలేదు. అందువల్లనే పాత బుల్లెట్‌కు ఈనాటికీ సామాను దొరుకుతోంది. అయితే 2010 ప్రాంతంలో ఇంజను సమూలంగా మారింది. కొత్త ఇంజను సామాను పాతదానికి పట్టదు. మైసూరులో 1961లో మొదలైన జావా, 1973లో యెజ్డీ అయింది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్లీ వచ్చినది వేరే బండి. రాజ్‌దూత్ సంగతి మరీ చిత్రం. పొలాలకు తిరిగిన 175 ఒకటి, సినిమా పుణ్యమా అని జనం ‘బాబీ’ అని పిలిచిన చిన్న బండి ఒకటి, 1983లో యమహా డిజైనుతో వచ్చిన 350 ఒకటి. పేరొకటే, బండ్లు మూడు.

కనుక మొదట చేయవలసింది మనకు అలవాటైన పనే. ఒక ఫైలు తెరవండి. ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద కొట్టి ఉన్న నంబర్లతో సరిపోతున్నాయో లేదో చూడండి. ఇంజను మారి ఉంటే అది రవాణా శాఖ రికార్డులో ఎక్కి ఉండాలి. ఈ రెండు నంబర్లు తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. యజమాని కాలం చేసి ఉంటే వారసుల పేరు మార్పుకు ఫారం 31 ఉంది. తూకానికి వేసినా సరే, ఆర్.సి. రద్దు చేయించాలి. లేకుంటే ఆ నంబరుతో మరెక్కడో ఏదో జరిగితే కాగితాలు మన ఇంటికే వస్తాయి. ఆ సోదరికి నేనిచ్చిన సలహా కూడా ఇదే: ముందు నంబర్లు చూడండమ్మా, సరిపోతే బాగు చేయించండి.

50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజిగా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. చాసిస్, ఇంజను అసలు రూపంలో ఉండాలి. పైగా అలా నమోదైన బండిని రోజూ వాడుకోకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే. కూరగాయలకు, బ్యాంకుకు తిరగదలచిన వారు మామూలు ఆర్.సి.నే రెన్యువల్ చేయించుకోవాలి.

ఇక కొలతలు. పాత బుల్లెట్‌లో బోల్టుల మరలు చాలావరకు అంగుళాల లెక్కవి. ఇప్పుడు ఏ కొట్లో అడిగినా ఇచ్చేవి మిల్లీమీటర్లవి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కాని మరలు వేరు. పాతదానికి రకాన్ని బట్టి అంగుళానికి 22 గాని 26 గాని ఉంటాయి. 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు 20 చిల్లర. రెండు మూడు చుట్లు ఎక్కి బిగుస్తుంది. స్పానరుతో బలవంతం చేస్తే ఎక్కినట్లే ఉంటుంది, లోపల మర చిరిగిపోతుంది. నా బండి వెనక బ్రేకు ప్లేటును పట్టి ఉంచే బోల్టుకు ఒక మెకానిక్ ఇలాంటి నట్టే ఎక్కించాడు. విప్పబోతే చేతికే ఊడి వచ్చింది. మాచర్ల రోడ్డులో లారీ ఎదురైనప్పుడు బ్రేకు తొక్కి ఉంటే ఈ ప్రసంగం చేయడానికి నేను మిగిలేవాడిని కాను. మరలు కొలిచే పిచ్ గేజి ఖరీదు తక్కువ. వెర్నియర్‌తో పాటు అదొకటి కొనుక్కోండి.

బేరింగుల దగ్గర మాత్రం పని సులువు. ‘బుల్లెట్ బేరింగు’ అని అడిగితే ధర ఒకటి, నంబరు చెప్పి అడిగితే ఇంకొకటి. బేరింగు అంచు మీద 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే (04 నుంచి పైవాటికి) రంధ్రం కొలత వస్తుంది. పక్కన C3 అని ఉంటే అదే అడగండి. వేడికి వ్యాకోచించడానికి లోపల కాస్త ఎక్కువ సందు ఉన్నదని దానర్థం.

పిస్టను విషయంలో వరుస ముఖ్యం. 350 బుల్లెట్ సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు. అరిగితే బోరు చేయించి, పై సైజు పిస్టను వేయాలి. ముందు పిస్టను చేతికి వచ్చాక, దాన్ని లేత్ షాపులో ఇచ్చి దానికి తగినట్లు బోరు చేయించండి. ముందే బోరు చేయిస్తే ఆ సైజు పిస్టను దొరకక సిలిండరు మూలన పడుతుంది.

రబ్బరు సామాను పాత స్టాకుది కొనవద్దు. కంపెనీ పెట్టెలో ఉన్నా నలభై ఏళ్ల రబ్బరు నలభై ఏళ్లదే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1223 అంటే 2023లో 12వ వారం తయారీ అని. కరెంటు సామానుకు 6 వోల్టులా, 12 వోల్టులా అన్నది ముందు తేల్చుకోవాలి. 12 వోల్టుల బండికి 6 వోల్టుల బల్బు వేస్తే ఆ క్షణమే మాడిపోతుంది.

ఎక్కడ దొరుకుతాయంటారా? విజయవాడ ఆటోనగర్, హైదరాబాదు రాణిగంజ్, మద్రాసులో కొత్త సామానుకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాతవాటికి పుదుపేట, బెంగుళూరు జె.సి. రోడ్డు. ఎక్కడికి వెళ్లినా పాత సామానును సంచిలో వేసుకుని వెళ్లండి. మనుమల చేత ఫోనులో ఫోటో పంపించినా, పక్కన స్కేలు పెట్టి తీయించండి. బిల్లు లేనిదే కొనవద్దు. సరిపోకపోతే వాపసు తీసుకుంటారా అని ముందే అడగండి. కొత్తది బిగించి, వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా పాతదాన్ని పారవేయవద్దు. అరిగిపోయిన సామానే మనకున్న అసలు నమూనా.

చివరగా ఒక ప్రతిపాదన. ఈ బండ్లను చేత్తో తడిమి రోగం చెప్పగల మెకానిక్‌లు మన వయసు వాళ్లే. వాళ్లతో పాటే ఆ విద్య పోతోంది. మన సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెడదాం. ఎవరింట్లో ఏ బండి ఉంది, ఏ పాత సామాను అదనంగా ఉంది, ఏ నంబరు బేరింగు పట్టింది, ఏ కొట్లో ఎంతకు దొరికింది, అన్నీ తేదీలతో రాద్దాం. ఒకరి అటక మీద ఉన్న సైడు కవరు మరొకరి బండికి కావలసినది కావచ్చు. రిజిస్టరు రాసే బాధ్యత నాకు అప్పగిస్తే సంతోషంగా స్వీకరిస్తాను. గీతలు గీసి, పేజీలకు నంబర్లు వేసి సిద్ధంగా ఉంచాను.