చిన్న విమానమునకు చక్రము బిగించుట



యుద్ధమధ్యమున దశరథుని రథమునకు కడచీల ఊడిపోగా, కైక తన వ్రేలిని అడ్డుపెట్టి చక్రమును నిలిపెనని మన పల్లెలలో కథ చెప్పుకొందురు. నాడు ఆమె పొందిన వరములే పిదప రామాయణమును నడిపించినవి. విమానమున వ్రేలు పెట్టుట కవకాశము లేదు. చేయవలసినదంతయు నేలమీదనే చేయవలెను.

చిన్న విమానమనగా ఇద్దరో నలుగురో కూర్చుండునది. 1958లో బెంగుళూరున తొలిసారి ఎగిరిన పుష్పక్, అమెరికాలో పుట్టి మన ఫ్లయింగు క్లబ్బులకు వచ్చిన సెస్నా 172 ఈ తరగతివే. సెస్నా చక్రము ఒకే ముక్క కాదు. అది రెండు అర్ధభాగములు. వానిపై ట్యూబుతో కూడిన టైరు. ఆ రెంటిని కలిపి పట్టునవి కొన్ని సన్నని బోల్టులు.

ఈ బోల్టు బజారులో దొరకు బోల్టువలెనే కనబడును. కాని విమానపు ఉక్కు బోల్టు తలపై గుర్తుండును; చదరపు అంగుళమునకు 1,25,000 పౌండ్ల లాగుడుకు అది ఓర్చవలెను. మరలులేని నున్నని భాగము, కలుపవలసిన ముక్కల మందమునకు సరిపోవలెను. కొంచెము ఎక్కువైనచో వాషరు వేయవచ్చును. తక్కువైనచో వేరొక బోల్టు తేవలసినదే. తనంతట వదులు కాని నైలాను నట్టు వ్రేళ్ళతోనే చివరివరకు తిరిగినచో దానిని పారవేయవలెను. బ్రేకు వేడికి 250 డిగ్రీల ఫారెన్‌హీటు దాటు చోట్ల ఆ జాతి నట్టు అసలు పనికిరాదు.

ఎంత బిగింపవలెను? చేతనైనంత అనుకొనుట సహజము. ఇచ్చటనే చిక్కున్నది. నట్టును త్రిప్పు బలములో నూటికి సుమారు తొంబది పాళ్ళు రాపిడికే చెల్లిపోవును. బోల్టును సాగదీసి రెండు ముక్కలను అదిమి పట్టుటకు మిగులునది పది పాళ్ళు మాత్రమే. కనుక పొడి మరలకు చెప్పిన కొలతతో నూనె పూసిన మరలను బిగించినచో రాపిడి తగ్గి, బోల్టు మితిమీరి సాగును. నూనెతో చెప్పినదానిని పొడిగా బిగించినచో రెంచి ముల్లు సరియైన అంకెనే చూపును, చక్రము మాత్రము వదులుగనే యుండును. వదులైన బోల్టు చక్రము తిరిగిన ప్రతి పర్యాయము బరువును మోసి విడుచుచు, అటునిటు వంచిన తీగవలె ఒకనాడు విరుగును.

అమెరికా ప్రభుత్వ విమానయాన శాఖ 1998 నాటి సలహా పత్రమున, పావు అంగుళపు బోల్టునకు సాధారణముగ 50 మొదలు 70 అంగుళ-పౌండ్లని యున్నది. అనగా పది అంగుళముల పిడి చివర అయిదు మొదలు ఏడు పౌండ్ల ఒత్తిడి. పసివాడును నొక్కగలడు! అయినను చక్రము చేసినవారు వేరు అంకె నిచ్చినచో దానినే పాటింపవలెను; అది పొడికా నూనెకా అనునది కూడ వారి గ్రంథముననే చూడవలెను. బోల్టు తలను పట్టి నట్టును త్రిప్పుట, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించుట ఆచారము. నడుమ ట్యూబు నలిగినచో శ్రమయంతయు వ్యర్థము.

విప్పునప్పటి అపాయము ఇంతకంటె పెద్దది. టైరులో చదరపు అంగుళమునకు ముప్పది పౌండ్లకు అటునిటుగ గాలి యుండును. వినుటకు స్వల్పమే, చక్రము లోపలి వైశాల్యమునంతను లెక్కించినచో ఆ త్రోపుడు వందల పౌండ్లగును. గాలి తీయక నట్టులు విప్పినచో మిగిలిన బోల్టులు తెగి అర్ధభాగములు ఎగిరిపడును. ముందు వంగి కూర్చున్నవాని ముఖమే వానికి ఎదురు. తొందర పనివారు గాలి తగ్గించి ఊరకుందురు. వాల్వు లోని సూదిని పూర్తిగ ఊడదీసి, శబ్దము ఆగిన పిదపనే స్పానరు పట్టవలెను.

ఇరుసు నట్టుది వేరు ధర్మము. అది అదిమి పట్టునది కాదు, బేరింగును సరియైన చోట నిలుపునది. చక్రమును చేతితో త్రిప్పుచు, కొంచెము బరువుగ తిరుగువరకు బిగించి, మరల వదలి, గ్రంథము చెప్పిన మేరకు నట్టు గాడిని ఇరుసు రంధ్రముతో కలుపుదురు. ఎక్కువ బిగించిన బేరింగు వేడెక్కి గ్రీజు కరగును, వదులైనది ఊగును. అందు దూర్చు కాటరు పిన్నే ఈ బండికి కడచీల. పాత పిన్నును తిరిగి వాడరు. క్రొత్తదాని కాళ్ళు విడదీసి వంచి, చక్రమును మరొకసారి త్రిప్పి చూచి, అప్పుడు జాకీ దింపుదురు.