మనలను ముందుకు నెట్టునదేది?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి పిల్లలను ఒక ప్రశ్న అడిగితిని: "నీవు నడచునప్పుడు నిన్ను ముందుకు నెట్టునదేది?" న్యూటను మూడవ సూత్రమును తడబడక అప్పగించినవారే "నా కాలు" అనిరి. సూత్రము నోటికి వచ్చినది గాని కాలివరకు దిగలేదు.

కాలు నెట్టునది నేలను, అదియు వెనుకకు. నేల మనలను అంతే బలముతో ముందుకు నెట్టును. మనము సాగుట ఈ రెండవ బలము వలననే. నమ్మకము కలుగనివారు బరంపురమునకు చేరువనున్న గోపాల్పూరు తీరమున పొడి యిసుకలో నడచి చూడవచ్చును. అచ్చటి మన తెలుగు జాలరులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. జారిపోవు ఇసుకను మనము గట్టిగా నెట్టలేము; కనుక అదియు మనలను గట్టిగా నెట్టదు. కొంతదూరమునకే పిక్కలు లాగును. సబ్బునీరు పడిన స్నానాల గదిలో పెద్దలు జారిపడుటకును మూలమిదియే: వెనుకకు నెట్టబోయిన కాలికి నేల పట్టు దొరకదు.

ఒక బాలిక లేచి, "రెండు బలములు సమానమై ఎదురెదురుగా నున్నచో ఒకదానినొకటి కొట్టివేయవలెను గదా, ఇక కదలిక యెక్కడిది?" అని అడిగినది. నూటికి నూరు మార్కులకంటె నాకు ఆ ప్రశ్నయే ముద్దు. మా యింటి అప్పు పొరుగింటి రాబడితో చెల్లునా? ఒక బలము నేలమీద, రెండవది మనమీద పనిచేయును. భూమి మిక్కిలి భారమైనది గనుక దాని కదలిక కానరాదు. చిన్న పడవనుండి గట్టుమీదికి దుమికినచో పడవ వెనుకకు జరుగుట అందరును చూచినదే.

మరియొక సంగతి. నేల మనలను పైకి నెట్టుటయే మన బరువునకు ప్రతిచర్య యని కొన్ని గైడు పుస్తకములలో వ్రాయుట కద్దు. అది పొరపాటు. భూమి మనలను క్రిందికి లాగుచుండగా మనమును భూమిని అంతే బలముతో పైకి లాగుచున్నాము. ఆ జంట అది. పాదము నేలను అదుముట, నేల పాదమును నెట్టుట వేరొక జంట. ముల్లుగల తూనిక యంత్రముపై గొంతుకూర్చుండి చటుక్కున లేచినచో తేడా తెలియును. 60 కిలోల మనిషి లేవనారంభింపగనే ముల్లు 60 దాటును; లేచుట ముగియుచుండగా 60కి లోపలికి దిగి, పిమ్మట నిలుచును. మనిషి బరువు మారలేదు, నేలను అదిమిన బలమే మారినది.

1687లో వెలువడిన గ్రంథమున న్యూటను ఈ సూత్రమునకు, వ్రేలితో రాతిని నొక్కుట, గుఱ్ఱము రాతిని లాగుట వంటి మోటు ఉదాహరణములనే యిచ్చెను. నెట్టుట, లాగుట, అదుముట మన యింటి మాటలే గదా. పిల్లవాడు మెట్లెక్కునప్పుడో, నీళ్ల బిందె ఎత్తునప్పుడో, "ఏది దేనిని నెట్టుచున్నదిరా?" యని మీరడుగుడు. సూత్రము అప్పగింపనీయక, తన మాటలలో చెప్పనిండు.

తూనిక యంత్రమును ఈ సాయంకాలము వరండాలో ఉంచితిమి. పిల్లలతో పాటు మీరును ఎక్కి చూడవచ్చును. మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రము గొంతుకూర్చుండవలదు.