లూప్‌లో లూప్ పెడితే మన ఇటరేటర్ ఆగిపోద్దా?

మన రామగుండం దిక్కు రైల్వే గేటు పడితే ఏం చేస్తం? బొగ్గు రైలు వ్యాగన్లు లెక్కపెడతం. ఒకటైనంక ఇంకోటి. ఇటరేటర్ పని కూడా అదే.

జావాలో మన ‘రైలు<టి>’ క్లాస్ ‘ఇటరబుల్<టి>’ని ఇంప్లిమెంట్ చేసి, ‘ఇటరేటర్<టి>’ని ఇవ్వాలి. ‘హ్యాజ్‌నెక్స్ట్’ ఇంకా ఉందా లేదా చెప్తది. ‘నెక్స్ట్’ తర్వాతిది ఇచ్చి ముందుకు జరుగుతది. ఇక్కడ టి అంటే జెనరిక్ టైప్, 2004లో జావా 5తో వచ్చింది. ‘రైలు<వ్యాగన్>’ అని రాస్తే వేరే టైపు వేయబోయినా కంపైలరే ఆపేస్తది.

నా మొదటి ఇంటర్వ్యూ పోయింది ఇక్కడే. ఇండెక్స్‌ని రైలు క్లాస్‌లోనే పెట్టిన. ఒక్క లూప్ మంచిగనే తిరిగింది. లూప్‌లో లూప్ పెట్టమన్నరు. లోపలి లూప్ ఇండెక్స్‌ని చివరిదాకా తీస్కపోయింది, బయటి లూప్ ఒక్క రౌండ్‌కే ఆగింది. నాకు మాట రాలే.

గేటు కాడ ఇద్దరు నిలబడితే రైలు ఒక్కటే, కానీ ఎవరి లెక్క వాళ్లదే కదా? అందుకే ఇండెక్స్ ఇటరేటర్ లోపల ఉండాలి. అడిగిన ప్రతిసారి కొత్త ఇటరేటర్ ఇవ్వాలి.

ఇప్పుడే రాసి చూడండి. 3 వ్యాగన్లకు 9 జతలు వస్తే మీ కోడ్ కరెక్ట్. ఎన్ని వచ్చినయో కామెంట్‌లో చెప్పండి!