సాహిత్య చరిత్రలో మన ఆడవాళ్లు

సాహిత్య చరిత్ర అనగానే రేడియో కట్టేయకండి. నేనూ మెట్రిక్ దాటినదాన్ని కాను.

ఆమధ్య మా అమ్మాయి పరీక్షకని కవుల పేర్లు వల్లె వేస్తూంటే, వంటింట్లో పప్పు రుబ్బుతూ విన్నాను. నన్నయ, తిక్కన, ఎర్రన, శ్రీనాథుడు, పోతన... ఎంతసేపటికో ఒక్క మొల్ల వినిపించింది. "ఆడవాళ్లు ఇంతేనటే?" అన్నాను. "పుస్తకంలో ఇంతే ఉందమ్మా" అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మర్నాడే లైబ్రరీనుంచి పుస్తకాలు తెప్పించుకున్నాను.

మొల్ల రామాయణం మీకు తెలిసిందే. పదిహేనవ శతాబ్దంలోనే అన్నమయ్యగారి భార్య తిమ్మక్క "సుభద్రా కల్యాణం" రాసింది. ఆయన కీర్తనలు పాడుకుంటూ పెరిగిన నాకు, ఆవిడా కవయిత్రేనని నలభై దాటాక తెలిసింది!

తంజావూరులో పద్ధెనిమిదవ శతాబ్దంలో ముద్దుపళని "రాధికా సాంత్వనం" రాసింది. బెంగుళూరు నాగరత్నమ్మగారు దాన్ని పరిష్కరించి 1910లో అచ్చు వేయించారు. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లోగాని తొలగలేదు. పిల్లల ముందు పైకి చదివే పుస్తకం కాదు, ఒప్పుకుంటాను. కాని శృంగారం రాసిన మగకవులు మనకు తక్కువా? శ్రీనాథుణ్ణి ఎవరూ బడిలోంచి పంపెయ్యలేదే!

అందరికన్నా నా మనసు పట్టుకున్నది భండారు అచ్చమాంబ. 1874లో పుట్టింది. బడి చదువు లేదు. చిన్నప్పుడే పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూంటే తనూ పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. కన్నబిడ్డలు పోయారు. ఆ దుఃఖంలోనూ కలం వదల్లేదు. ఆడవాళ్లు తెలివితక్కువవాళ్లనే మాటకు జవాబుగా, భారతదేశపు స్త్రీల చరిత్రలు ఏరి "అబలా సచ్చరిత్ర రత్నమాల" కూర్చింది. 1902లో "ధనత్రయోదశి" అనే కథ రాసింది. తెలుగులో తొలి కథ అని మనం చెప్పుకునే "దిద్దుబాటు" వచ్చింది 1910లో. లెక్క మీరే చూసుకోండి. ముప్పై దాటీ దాటకుండానే, 1905లో, ఆవిడ కన్నుమూసింది.

ఈ పేర్లన్నీ మా అమ్మాయి పుస్తకం అంచున పెన్సిలుతో రాసిపెట్టాను. అది చూసి, "పరీక్షలో ఇవి రాస్తే మార్కులు వేస్తారా?" అని అడిగింది. వెయ్యకపోయినా రాయి అందామనుకున్నాను. ఏంచేతో, నోరు రాలేదు.