యెమెన్ యుద్ధం – బార్కస్ ఆవేదన



హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కస్ మనకు తెలియనిది కాదు. 'బ్యారక్స్' అనే మాటే జనం నోట బార్కస్ అయినది. నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బుల వాడ అది. వారిలో అత్యధికులు యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చినవారు. ఆ బంధం ఎంత గాఢమైనదంటే, నిజాం కొలువులో జమాదారులుగా ఎదిగిన ఖుఐతీ వంశస్థులు ఇక్కడి సంపదతో అక్కడ రాజ్యమే నెలకొల్పారు. ముకల్లా రాజధానిగా అది 1967 వరకు నిలిచినది. 1948 పోలీసు చర్య తరువాత ఎందరో అరబ్బులను ఈ నేల నుండి పంపివేశారు. నిలిచినవారు ఈ దేశ పౌరులుగా, మన ఇరుగుపొరుగువారిగా జీవిస్తున్నారు. ఇంటి పేర్లలోని 'బిన్', 'బా' అన్న ముక్కలు, ఉదయపు హరీస్, షాఫయీ సంప్రదాయం మాత్రం తాతల నాటి ఊరిని గుర్తు చేస్తూనే ఉంటాయి.

ఆ నేలపై 2014 నుండి యుద్ధం సాగింది. ఆ సెప్టెంబరులో హౌతీలు సనా నగరాన్ని ఆక్రమించారు. 2015 మార్చిలో సౌదీ నాయకత్వంలోని కూటమి వైమానిక దాడులు ప్రారంభించింది. ఏప్రిల్‌లో ముకల్లా అల్‌ఖైదా చేతికి చిక్కి, ఏడాది పాటు వారి గుప్పిట్లోనే ఉన్నది. 2017 చివరికి అనుమానిత కలరా కేసులు 10 లక్షలు దాటాయి. 2018 ఆగస్టులో సాదా ప్రాంతంలో పిల్లల బస్సుపై బాంబు పడి 40 మంది చిన్నారులు మరణించారు. తాయిజ్ నగరం హౌతీల ముట్టడిలో ఏళ్ల తరబడి నలిగిపోయింది. 2021 చివరికి మృతులు 3,77,000కు చేరుతారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అంచనా వేసింది. అందులో సుమారు 60 శాతం తూటాలకు కాదు, ఆకలికి, రోగానికి, వైద్యం అందకపోవడానికి బలైనవారే. 2022 ఏప్రిల్ సంధి పోరును తగ్గించినదే గాని, గాయాన్ని మాన్పలేదు.

"ఇక్కడ పుట్టినవారికి అక్కడి గోడు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. పుట్టినింటికి నిప్పంటుకుంటే మెట్టినింటి ఆడపడుచు కంటతడి పెట్టదా? ఆ కన్నీరు మెట్టినింటికి ద్రోహమా? పూర్వీకుల ఊరి కోసం బాధపడడం దేశభక్తికి లోటు కానేరదు. 2015లో మన ప్రభుత్వమే ఆపరేషన్ రాహత్ ద్వారా 4,600 మందికి పైగా భారతీయులను, వారితో పాటు 41 దేశాలకు చెందిన 960 మందిని యెమెన్ నుండి కాపాడి తెచ్చింది. ఆపదలో పౌరసత్వం అడగకుండా చేయి అందించిన దేశం మనది.

అయితే ఆవేదనకు ఒక మర్యాద ఉండాలి. ఈ పోరును షియా–సున్నీ జగడంగా చిత్రించి మన వీధుల్లోకి తేవద్దు. యెమెన్‌లో జైదీలు, షాఫయీలు తరతరాలుగా ఒకే మసీదుల్లో నమాజు చేసినవారు. రాజ్యాధికారం కోసం, పొరుగు రాజ్యాల పంతం కోసం రగిలిన మంట అది. ఇరు పక్షాలూ అమాయకులను బలిగొన్నవే. విశ్వాసులలో రెండు వర్గాలు కలహిస్తే సంధి చేయమన్నదే హుజురాత్ సూరా బోధ. ఏ పక్షం జెండానూ మనం మోయనవసరం లేదు.

చేయదగినవి కొన్ని ఉన్నాయి. రుజువు లేని వీడియోలను మన ఫోన్ల నుండి ముందుకు పంపవద్దు. సహాయపు సొమ్మును చేతుల మీదుగా కాక, బ్యాంకు ద్వారా, గుర్తింపు గల సంస్థలకే రసీదుతో ఇవ్వండి. యెమెన్ ప్రయాణంపై 2017 నుండి మన ప్రభుత్వ నిషేధం ఉన్నది. బంధుప్రేమతోనైనా యువకులు దొడ్డిదారి వెతకరాదు. కొలువంతా కాగితాల మధ్య గడిపిన గుమాస్తాగా మరొక మాట: 'బిన్', 'బా' ఒక పత్రంలో కలిపి, మరొక దానిలో విడిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. అక్కడ చిక్కుకున్న బంధువు కోసం అర్జీ పెట్టే రోజున బంధుత్వాన్ని రుజువు చేసేవి ఆ పత్రాలే.

ఇక బార్కసేతర సోదరులకు నా విన్నపం. వారి ఇంటికి వెళ్లండి, "మీ వాళ్లు క్షేమమా?" అని అడగండి. ఆ ఒక్క మాట వారిని ఒంటరితనం నుండి తప్పిస్తుంది.

యెమెన్ ప్రజలకు అల్లాహ్ శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.