మీరొక్కరే అడుగుతున్నారు

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల కూడికలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగపాఠం)



ఈ వేదిక మీదికి పిలుస్తూ నిర్వాహకులు నాకొక షరతు పెట్టారు. "వకీలుగారూ, ఈసారి రాజ్యాంగ అధికరణలు వద్దు. ఇళ్ళలో అందరూ టీవీల ముందే ఉంటున్నారు. చూడదగినవేమిటో అవి చెప్పండి" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. కానీ న్యాయవాది టీవీ ముందు కూర్చున్నా అతని మనసు కోర్టు గుమ్మం దగ్గరే తచ్చాడుతుంది. కాబట్టి ఇవాళ నేను చూడమని చెప్పబోయేది ఒక తపాలా కార్యాలయపు కథ. అది బ్రిటన్‌లో జరిగింది. మనకేం సంబంధమని అప్పుడే అడగకండి.

దాని పేరు "మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్". నాలుగు భాగాల నాటకం. 2024 జనవరి 1 నుంచి 4 వరకు వరుసగా నాలుగు రాత్రులు ఐటీవీ ప్రసారం చేసింది. రాసినవారు గ్వినెత్ హ్యూస్. బేట్స్‌గా టోబీ జోన్స్ నటించారు. నాలుగో రాత్రి నాటకం ముగిసిన తరువాత, ఆ కథలోని నిజమైన మనుషులతో తీసిన డాక్యుమెంటరీ కూడా వేశారు.

కథ అర్థం కావాలంటే అక్కడి పద్ధతి తెలియాలి. బ్రిటన్‌లో చిన్న ఊళ్ళ తపాలా కార్యాలయాలను నడిపేది ప్రభుత్వోద్యోగులు కారు. సబ్ పోస్టుమాస్టర్లు అనే సొంత వ్యాపారులు. దాచుకున్న డబ్బు పెట్టి కొట్టు కొనుక్కుంటారు. ఒక పక్క రొట్టెలు, పత్రికలు, ఇంకో పక్క తపాలా కౌంటరు. లెక్కలో తేడా వస్తే పూచీ వారిదేనని ఒప్పందంలో ఉంటుంది. 1999 నుంచి ఈ కౌంటర్లన్నిటికీ హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల పద్ధతిని తెచ్చారు. తయారుచేసింది ఫుజిట్సు సంస్థ. అందులో లోపాలున్నాయి. పెట్టెలోని నగదు సరిగానే ఉన్నా, తెర మీద వేల పౌండ్ల తరుగు చూపేది. యంత్రం తప్పు చెప్పదని నమ్మి, ఆ తరుగును మనుషుల నెత్తిన రుద్దారు. 1999కీ 2015కీ మధ్య 900 మందికి పైగా దొంగతనం, మోసం, తప్పుడు లెక్కలు వంటి నేరాల కింద దోషులయ్యారు. వారిలో అత్యధికుల మీద కేసు నడిపింది పోలీసులు కారు. పోస్టాఫీసు సంస్థే. నష్టపోయానన్నదీ అదే, దర్యాప్తు చేసిందీ అదే, కోర్టుకు ఈడ్చిందీ అదే. న్యాయశాస్త్రం చదివినవాడికి ఆ ఒక్క ముక్క చాలు, నిద్ర పట్టకపోవడానికి.

మొదటి భాగంలో ఒక దృశ్యం ఉంది. జో హామిల్టన్ అనే ఆమె హ్యాంప్‌షైర్‌లోని ఒక పల్లెలో కౌంటరు నడుపుతుంటుంది. లెక్కలో రెండు వేల పౌండ్ల తేడా. సహాయం కోసం ఫోను చేస్తుంది. అవతలివారు చెప్పినట్టే మీటలు నొక్కుతుంది. ఆమె కళ్ళ ముందే ఆ తేడా రెండింతలవుతుంది. మా అమ్మాయి నవ్వింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. హామిల్టన్ తరువాత ఇల్లు తాకట్టు పెట్టారు. దొంగతనం కేసు తీసేస్తామంటే తప్పుడు లెక్కలు రాశానని నేరం ఒప్పుకున్నారు. చేయని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఈ నాటకం చూడండి, తెలుస్తుంది.

ఇక ఈ నాటకమంతటా నాకు చెవిలో గింగురుమన్న మాట ఒకటుంది. సహాయం కోసం ఫోను చేసిన ప్రతి ఒక్కరికీ వచ్చిన జవాబు: "ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చింది. ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదు." హ్యాంప్‌షైర్‌లోని హామిల్టన్‌కూ అదే. తూర్పు తీరంలోని బ్రిడ్లింగ్టన్‌లో లీ కాసిల్టన్‌కూ అదే. పాపం ఆయన వకీలును పెట్టుకునే స్తోమత లేక తన వాదన తానే చెప్పుకున్నాడు. ఇరవై అయిదు వేల పౌండ్ల తేడాతో మొదలైన వ్యాజ్యంలో ఓడి, అవతలివారి ఖర్చుల కింద 3,21,000 పౌండ్లు కట్టమని తీర్పు రాగా దివాలా తీశాడు. తానొక్కణ్ణే అనుకున్నవాడు ముందు తన లెక్కను అనుమానిస్తాడు, తరువాత ఇంట్లోవాళ్ళను అనుమానిస్తాడు, చివరికి ఊళ్ళో తలదించుకుని నడుస్తాడు.

ఇప్పుడు సంబంధం చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక తండ్రి నా దగ్గరికి వచ్చాడు. తన కూతురు తెలుగు మాధ్యమంలో చదువుతోంది. పరీక్షకు సంబంధించిన ఒక దరఖాస్తును తెలుగులో ఇమ్మని ఒక కార్యాలయానికి పోయాడు. అక్కడి గుమాస్తా దురుసుగా ఏమీ మాట్లాడలేదట. మర్యాదగానే, "అయ్యా, ఈ తాలూకా మొత్తంలో మీరొక్కరే అడుగుతున్నారు. మీ ఒక్కరి కోసం ఎట్లా అచ్చువేస్తాం?" అన్నాడట. ఆ తండ్రి తలవంచుకుని తిరిగివచ్చాడు. "నేనే ఎక్కువ చేస్తున్నానేమో సార్" అన్నాడు నాతో. అదే నెలలో, అదే కార్యాలయంలో, అదే జవాబు విన్న మరో ముగ్గురి కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. ఆ నలుగురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

అలన్ బేట్స్ చేసిన పని ఇదే. వేల్స్‌లోని లాండడ్నో పట్నంలో ఆయన కౌంటరు ఉండేది. యంత్రం చూపిన తరుగు తనది కాదని పట్టుబట్టినందుకు 2003లో ఒప్పందం రద్దుచేశారు. ఆయన అరవలేదు. ప్రతి ఉత్తరానికీ నకలు దాచాడు. తనలాంటివారిని ఒక్కొక్కరినే వెతికాడు. 2009లో ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో ఒక సమావేశ మందిరాన్ని తీసుకుని రమ్మని కబురు పెట్టాడు. ఎవరైనా వస్తారా రారా అని ఎదురుచూస్తుంటే, ఒక్కొక్కరే తలుపు తోసుకుని లోపలికి వస్తారు. నాటకంలో ఆ సన్నివేశం చూసినప్పుడు నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మా ఆవిడ చూడనట్టు ఊరుకుంది.

ఈ నాటకమే న్యాయం తెచ్చిందని పత్రికలు రాశాయి. నేను పూర్తిగా ఒప్పుకోను. 555 మంది కలిసి వేసిన దావాలో యంత్రం నమ్మదగినది కాదని హైకోర్టు 2019లోనే తేల్చింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మందిని నిర్దోషులుగా ప్రకటించింది. కానీ 2019 రాజీలో వచ్చిన 5.775 కోట్ల పౌండ్లలో వ్యాజ్యపు ఖర్చులే సింహభాగం మింగేశాయి. మనిషికి దక్కింది సగటున ఇరవై వేల పౌండ్ల చొప్పున. మిగతా వందలాది మంది దోషులుగానే మిగిలారు. దేశానికి పట్టలేదు. ఆ నాలుగు రాత్రులూ కోటిమందికి పైగా చూశాక పట్టింది. వారం తిరగకుండా ప్రధాని రిషి సునాక్ చట్టం తెస్తామని ప్రకటించారు. 2024 మే 24న ఆ చట్టం అమల్లోకి వచ్చింది, దాని పరిధిలోకి వచ్చే శిక్షలన్నీ ఒక్క కలంపోటుతో రద్దయ్యాయి. కోర్టు తీర్పులను పార్లమెంటు మూకుమ్మడిగా రద్దుచేయడం మంచి సంప్రదాయమేనా అని నాబోటివాడు గొణుక్కోవచ్చు. జైలుకు పోయివచ్చినవారి ముందు ఆ గొణుగుడు నిలబడదు.

లోటు కూడా చెప్పాలి. నాలుగు భాగాల్లో అందరి కథా పట్టదు. వెస్ట్ బైఫ్లీట్‌లో కౌంటరు నడిపిన భారత సంతతి మహిళ సీమా మిశ్రా 2010లో, గర్భవతిగా ఉండగా, కొడుకు పదో పుట్టినరోజు నాడు జైలుకు పోయారు. నాటకం నడిమధ్య నిలిపినది ఈమెను కాదు. అక్కడి కౌంటర్లలో మన ఉపఖండం నుంచి వలసపోయిన కుటుంబాలవి చాలా ఉన్నాయి. వారి బాధకు ఇంకాస్త చోటు దక్కవలసింది. విచారణ సంఘం 2025 జూలైలో ఇచ్చిన నివేదిక మొదటి సంపుటం, కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండి ఉండవచ్చని చెప్పింది. నాటకం చూసి ఊరుకోకుండా అలాంటి సంగతులు కూడా వెతికి చదవండి.

చట్టం విషయం రెండు ముక్కల్లో. ఇంగ్లండ్‌లో కంప్యూటరు కాగితాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే ఆ యంత్రం సరిగా పనిచేస్తోందని చూపాలని 1984 నాటి చట్టంలో ఉండేది. 1999లో చేసిన చట్టంతో దాన్ని తీసివేశారు. ఆ తరువాత యంత్రం సరిగానే ఉందన్నది న్యాయస్థానపు తొలి భావన. తప్పని చూపవలసిన భారం పల్లెటూరి కొట్టువాడి మీద పడింది. మన దేశంలో అలా కాదు. పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఉండాలి. అది తప్పనిసరి అని 2020లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ దాన్ని కొనసాగించింది. మన పల్లెల బ్రాంచి పోస్టుమాస్టర్ల చేతుల్లోనూ, చౌకధరల దుకాణాల్లోనూ ఇవాళ యంత్రాలే ఉన్నాయి. "మిషన్లో అట్లా చూపిస్తోంది" అన్న మాటతో మీ నోరు మూయిస్తే, ఆ కాగితానికి ధ్రువపత్రం ఎవరిచ్చారని అడిగే హక్కు కోర్టులో మీకుంది. అధికరణలు వద్దన్నారు, సెక్షన్లు చెప్పవద్దనలేదు కదా!

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఈ అన్యాయాన్ని మొదట బయటపెట్టినదెవరు? 2009లో కంప్యూటర్ వీక్లీ అనే పత్రిక ఏడుగురి కథలు అచ్చువేసింది. అదే సంవత్సరం దీన్ని టీవీలో పరిశోధించి చూపింది లండన్ ఛానళ్ళు కావు. వెల్ష్ భాషా ఛానల్ ఎస్‌ ఫోర్ సీ. ఆ కార్యక్రమం పేరు తారో నౌ. దేశమంతటా చూసే పనోరమా కార్యక్రమం దీని మీద ప్రత్యేక కథనం చేసింది 2015లో. ఆరేళ్ళ తేడా!

నోయెల్ థామస్ అనే ఆయన ఆంగ్లెసీ ద్వీపంలోని గయర్‌వెన్ ఊరివాడు, వెల్ష్ మాట్లాడేవాడు. 42 ఏళ్ళు తపాలా సేవలో ఉన్నాడు. 2006లో తొమ్మిది నెలల శిక్ష పడి, అరవయ్యో పుట్టినరోజు జైల్లో గడిపాడు. ఇలాంటివారి గోడు ఇంట్లో, వీధిలో, ప్రార్థనామందిరం అరుగు మీద వెల్ష్‌లోనే నడుస్తుంది. ఆ నుడి తెలిసిన విలేకరి చెవికి అది ముందు సోకడంలో వింత లేదు. ఇది నా ఊహే, కానీ ఊరికే చేసిన ఊహ కాదు.

ఆ ఛానల్ కూడా దయతో దక్కింది కాదు. వెల్ష్‌కు ప్రత్యేక ఛానల్ ఇస్తామని ఎన్నికల్లో చెప్పి, 1979లో గెలిచిన ప్రభుత్వం మాట తప్పింది. జనం టీవీ లైసెన్సు రుసుము కట్టబోమన్నారు. ప్లయిడ్ కమ్రి నాయకుడు గ్విన్‌ఫోర్ ఎవాన్స్ 1980 అక్టోబరు నుంచి ఆమరణ నిరాహారదీక్షకు కూర్చుంటానని ప్రకటించారు. పొట్టి శ్రీరాములుగారి పేరు తెలిసినవాళ్ళం, ఆ మాట బరువు మనకు వేరే చెప్పనక్కరలేదు. దీక్ష మొదలుకాకముందే సెప్టెంబరులో ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ప్రసారాలు మొదలయ్యాయి.

2021 జనగణన ప్రకారం వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవారు సుమారు 5,38,000. మన దగ్గర 2011 జనగణనలో ఒక్క తమిళనాడులోనే తెలుగును మాతృభాషగా రాయించుకున్నవారు 42 లక్షలు దాటారు. పోలిక పూర్తిగా సరిపోదు, ఒప్పుకుంటాను. వారికి ఉన్నది ఆ ఒక్క గడ్డే. మన నుడికి రెండు రాష్ట్రాలున్నాయి. 1995లో ఉపగ్రహ ఛానళ్ళు వచ్చినప్పుడు మిద్దె మీద పళ్ళెం పెట్టించుకుని మనం ఎంత మురిసిపోయాం! హోసూరులోనూ, బళ్ళారిలోనూ, రాయగడలోనూ అదే పాట, అదే వార్త. కానీ ఆ తెర మీదికి మనం వచ్చామా? ఇటీవలి "నైంటీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్", "సివరపల్లి" మా ఇంట్లో అందరం చూశాం. బాగున్నాయి, చూడండి. వాటిలో మన యాస కోసం చెవులు రిక్కించకండి, దొరకదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక మెట్టు ఎక్కుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. పదేళ్ళ పాటు కళ్ళెదుటే నడిచిన కథ. ఏ తెలుగు ఛానలైనా ఒక కెమెరాతో ఒక పిల్లవాణ్ణి ఒకటి నుంచి పది దాకా వెంబడించి ఉంటే ఎంత డాక్యుమెంటరీ అయి ఉండేది! అలాంటిది నేను చూడలేదు.

చివరిగా చూసే పద్ధతి. నాటకం ముందు, డాక్యుమెంటరీ తరువాత. ముందే డాక్యుమెంటరీ చూస్తే బిగి పోతుంది. ఉపశీర్షికలు పెట్టుకుని చూడండి, ఆ ఇంగ్లీషు యాస నాకే సగం అందలేదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. "మీరొక్కరే" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో వారిచేత లెక్కపెట్టించండి. వచ్చే కూడికకు వచ్చేటప్పుడు ఆ లెక్కతో పాటు ఇంకో కాగితం తెండి. ఆ మాట మీతో ఎవరన్నారు, ఏ కార్యాలయంలో, ఏ తేదీన, మీరు అడిగినదేమిటి, ఈ నాలుగూ రాయండి. తెలుగులోనే రాయండి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.