డయలు ఫోనుకో దుబాసీ



మన బెంగళూరులో, దూరవాణినగర్ చుట్టుపక్కల, పాత ఇళ్ళలో గుండ్రటి డయలున్న ఫోను ఇప్పటికీ అటక మీద ఒకటి కనిపిస్తుంది. 1948లో ఇక్కడ మొదలైన ఐ.టి.ఐ. కర్మాగారం తయారుచేసిన ఫోన్లవి. ఇంటికి ఫైబరు లైను రాగానే "ఇక ఇది పనికిరాదు" అని పాత సామానువాడికి ఇచ్చేస్తుంటారు. తొందరపడకండి. చూపు మందగించిన పెద్దవారికి అదే ఆసరా. కన్నాలు వేలితో తడిమి లెక్కపెట్టుకుని నంబరు తిప్పగలరు. సెల్‌ఫోను నున్నటి అద్దం మీద వేలికి ఆనవాలేదీ?

ఇంతకూ చిక్కెక్కడ? మీరు అయిదు తిప్పి వదిలితే, డయలు వెనక్కి వచ్చేటప్పుడు లైనులో విద్యుత్తు అయిదుసార్లు తెగి కలుస్తుంది. సున్నాకు పదిసార్లు. సెకనుకు పది లెక్కన. బొత్తాల ఫోను అలా కాదు. ఒక్కో అంకెకు రెండు స్వరాలు కలిపి పలుకుతుంది. అమెరికాలో 1963లో వాడుకలోకి వచ్చిన పద్ధతి అది. ఫైబరు పెట్టెల్లో చాలావాటికి స్వరాల భాషే తెలుసు, తెగింపుల భాష తెలియదు.

మీ పెట్టె సంగతి తెలుసుకోవడం సులువు. ఫోను దానికి తగిలించి, రిసీవరు ఎత్తి, ఒక అంకె తిప్పండి. డయల్‌టోను ఆగిపోతే పెట్టెకు అర్థమైనట్టే. అలాగే మోగుతుంటే అర్థం కాలేదన్నమాట. అప్పుడు తెగింపులను స్వరాలుగా మార్చే చిన్న పరికరం ఫోనుకూ పెట్టెకూ మధ్య పెట్టాలి. తెగింపులను తానే గుర్తుపట్టే అడాప్టర్లు కూడా ఉన్నాయి. కొనేముందు ఆ మాట అడిగి తెలుసుకోండి.

మరి కొన్ని జాగ్రత్తలు. సున్నా తిప్పి వదిలితే డయలు వెనక్కి రావడానికి సెకను, ఆపైన కొంచెం పట్టాలి. ఈడ్చుకుంటూ వస్తే లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది, మెకానిక్కుకు చూపించండి. ఫోను విప్పేముందు లైను తప్పక ఊడదీయండి. గంట మోగేటప్పుడు తగిలితే గట్టిగానే షాకు కొడుతుంది. పాత గంటకు శక్తి ఎక్కువ కావాలి. అందుకే కొన్ని పెట్టెల మీద అది నీరసంగా మోగుతుంది, ఒక్కోసారి మోగదు. 2021 జనవరి నుంచి ల్యాండ్‌లైను మీద సెల్‌ నంబరుకు ముందు సున్నా తిప్పాలని పెద్దవారికి గుర్తుచేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. పాత రాగి లైనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది. ఫైబరు పెట్టె మీ ఇంటి కరెంటు మీదే నడుస్తుంది. దానికి బ్యాటరీ ఏర్పాటు లేకపోతే, అర్ధరాత్రి కరెంటు లేనప్పుడు అత్యవసరంగా 112 తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ ఏర్పాటు ముందు చేసి, ఆ తర్వాతే ఫోను పెద్దవారి మంచం పక్కన పెట్టండి.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మనకు దుబాసీ విలువ ఒకరు చెప్పాలా? భాష తెలియనంత మాత్రాన మనిషిని మూగవాడనం కదా. పాత ఫోను సంగతీ అంతే.

సెలవు.